పద్యంలో దాగిన ఇరవై అంకెలు: 18446744073709551615 లోపల ఏముంది?

చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక బియ్యపు గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, నాలుగో గడిలో ఎనిమిది. ఇలా రెట్టిస్తూ 64 గళ్లూ నింపితే మొత్తం ఎన్ని గింజలు? జవాబు 18446744073709551615. మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615. నోటితో చదవాలంటే 1,84,467 కోట్ల కోట్లు, ఆ పైన 44,07,370 కోట్లు, ఆ పైన 95,51,615. 

కథ అందరికీ తెలిసిందే. చదరంగం కనిపెట్టినవాణ్ని రాజు ఏం కావాలో కోరుకోమంటాడు, అతను గింజలు అడుగుతాడు, రాజు నవ్వుతాడు, గాదెలు ఖాళీ అవుతాయి. 13వ శతాబ్దంలో ఇబ్న్ ఖల్లికాన్ అనే అరబ్బీ రచయిత రాసిపెట్టిన కథలో ఆ తెలివైనవాడి పేరు సిస్సా. కేరళలోని అంబలప్పుళలో ఇదే కథ కృష్ణుడి పేరు మీద నడుస్తుంది. అక్కడి గుడిలో ఇచ్చే పాల పాయసం రాజుగారు ఇంకా తీరుస్తున్న బాకీ అంటారు. ఇబ్న్ ఖల్లికాన్ కంటే ముందే లెక్క ఉంది. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ అనే పండితుడు ఈ ఇరవై అంకెలనూ తన గ్రంథంలో ఇచ్చాడు.

తెలుగులో ఈ సంఖ్యకు ఒక పద్యమే ఉంది. మహావీరాచార్యుల సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చిన పావులూరి మల్లన పేరుతో తరతరాలుగా చెప్పుకుంటున్న చంపకమాల అది. అంకెలన్నీ మొదటి రెండు పాదాల్లోనూ, మూడో పాదం మొదట్లోనూ అయిపోతాయి:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు...

చూడటానికి ఏదో వర్ణనలా ఉంటుంది కానీ ఇందులో ప్రతి మాటా ఒక అంకె. శర అంటే బాణం. మన్మథుడి బాణాలు అయిదు కాబట్టి 5. శశి అంటే చంద్రుడు, ఉన్నది ఒక్కడే కాబట్టి 1. షట్క 6. చంద్ర మళ్లీ 1. శర మళ్లీ 5. సాయకం కూడా బాణమే, 5. రంధ్రం 9, ఒంటికి తొమ్మిది రంధ్రాలు. వియత్ ఆకాశం, 0. నగం కొండ, కులపర్వతాలు ఏడు కాబట్టి 7. అగ్ని 3. భూధరం మళ్లీ కొండే, 7. గగనం 0. అబ్ధి 4. వేదం 4. గిరి 7. తర్కం 6. పయోనిధి 4. పద్మజాస్యం అంటే బ్రహ్మ ముఖం, 4. కుంజరం ఏనుగు, దిగ్గజాలు ఎనిమిది కాబట్టి 8. తుహినాంశుడు మళ్లీ చంద్రుడే, 1. ఈ పద్ధతిలో అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. ఒకట్ల స్థానం ముందు వస్తుంది. వెనక నుంచి చదువుకుంటూ పోతే 1, 8, 4, 4, 6, 7, 4, 4, 0, 7, 3, 7, 0, 9, 5, 5, 1, 6, 1, 5. ఒక్క అంకె కూడా తప్పు లేదు.

ఒకే చంద్రుడు మూడు పేర్లతో, ఒకే కొండ మూడు పేర్లతో ఎందుకొచ్చాయంటే, గణాలు సరిపోవాలి కాబట్టి. ఇది ఒట్టి అలంకారం కాదు. తాటాకు మీద 4 అనే అంకెను 7గా తప్పు రాస్తే పట్టుకోవడం కష్టం. పద్యంలో ఒక మాట జారిపోతే మాత్రం పాదం కుంటుతుంది, చదివేవాడి చెవికే తెలిసిపోతుంది. బ్యాంకు కార్డు నంబర్లలో, ఆధార్‌లో చివరన తప్పు పట్టే అంకె ఒకటి పెడతారు కదా, ఇక్కడ ఆ పని ఛందస్సు చేస్తోంది.

అయితే ఒక అనుమానం. సముద్రం అంటే 4 అని ఎవరు చెప్పారు? మనకు తెలిసినవి సప్త సముద్రాలు కదా! సంఖ్యలకు పేర్లు పెట్టే ఈ సంప్రదాయంలో సముద్రం ఎక్కువగా 4 అయినా, 7గా వాడినవాళ్లూ ఉన్నారు. పద్యంలో అబ్ధి, పయోనిధి అని సముద్రం రెండుసార్లు వచ్చింది. 7 కాదు, 4 అని తేల్చేదెలా? మొత్తం లెక్క మళ్లీ వేయకుండానే తేల్చవచ్చు. దానికి సంఖ్య లోపలి నిర్మాణం కొంచెం తెలియాలి. అసలు విషయం అక్కడే ఉంది.

ముందు, ఇంత మొత్తం వచ్చేదెలా? 64 సంఖ్యలు రాసి కూడాల్సిన పని లేదు. పక్కింటి నుంచి ఒక గింజ అప్పు తెచ్చి మొదటి గడిలో వేద్దాం. ఇప్పుడు అక్కడ రెండు గింజలు. ఆ రెండూ తీసి రెండో గడిలో పోస్తే నాలుగు. ఆ నాలుగూ మూడో గడిలో పోస్తే ఎనిమిది. ప్రతి గడిలోనూ అక్కడ ఉన్నన్ని గింజలే వచ్చి చేరి రెట్టింపు అవుతాయి. 64వ గడి దాటేసరికి చేతిలో 2⁶⁴ గింజలు. అప్పు తెచ్చిన గింజ తిరిగి ఇచ్చేస్తే మిగిలేది 2⁶⁴ − 1. అందుకే గణితంలో ఈ సంఖ్యకు ఒకే వైపున ఇద్దరు పెద్ద పొరుగువాళ్లు ఉన్నట్టు: పక్కనే 2⁶⁴, దాని అవతల 2⁶⁴ + 1.

2⁶⁴ కనుక్కోవడానికి కూడా 63 గుణకారాలు అక్కర్లేదు. ఆరు చాలు. 2ను 2తో గుణిస్తే 4. 4ను 4తో గుణిస్తే 16. 16ను 16తో గుణిస్తే 256. తర్వాత 65536, ఆ తర్వాత 4294967296, ఆఖరికి 18446744073709551616. ప్రతిసారీ ఉన్నదాన్ని దానితోనే గుణించడం. ఈ కిటుకు మన ఛందశ్శాస్త్రంలో చాలా పాతది. ఇన్ని అక్షరాల పాదంలో గురులఘువుల అమరికలు ఎన్ని అని లెక్కించడానికి పింగళుడు చెప్పిన సూత్రం ఇదే: సరిసంఖ్య అయితే సగం చేసి వర్గం కట్టు, బేసి అయితే ఒకటి తీసి రెట్టించు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పుకోవాలి. చంపకమాల పాదంలో 21 అక్షరాలు. ఒక్కో అక్షరం గురువో లఘువో కావాలి కాబట్టి 21 అక్షరాల పాదాలు మొత్తం 2²¹ రకాలు, అంటే 20,97,152. సరిగ్గా చదరంగం బల్ల మీద 22వ గడిలో పడే గింజలు. వీటిలో చంపకమాల 7,11,600వదని మన లక్షణ గ్రంథాలు చెబుతాయి. పరీక్షించి చూడవచ్చు. న జ భ జ జ జ ర గణాలు వరసగా రాసి, లఘువు ఉన్నచోట 1, గురువు ఉన్నచోట 0 పెట్టి, మొదటి అక్షరానికి 1, రెండోదానికి 2, మూడోదానికి 4 అని గింజల విలువలు వేసుకుంటూ కూడితే 7,11,599 వస్తుంది. లెక్క ఒకటి నుంచి మొదలు కాబట్టి ఇంకొకటి కలిపితే 7,11,600. గింజల రెట్టింపును చెప్పే పద్యం నడిచిందీ రెట్టింపు మీదే. మల్లన దీన్ని ఉద్దేశించి ఆ వృత్తం ఎంచుకున్నాడని అనడం అతి అవుతుంది, చంపకమాల తెలుగు కవులకు అలవాటైన నడకే. అయినా పొంతన బాగుంది.

ఇక గింజల దగ్గరకు వద్దాం. బియ్యపు గింజ ఒకటి 20 మిల్లీగ్రాములు అనుకుందాం, అంటే కిలోకు 50,000 గింజలు. మొదటి వరస ఎనిమిది గళ్లకూ కలిపి 255 గింజలు, అయిదు గ్రాములు. చెంచాడు. రెండు వరసలు పూర్తయితే 65,535 గింజలు, కిలో మూడు వందల గ్రాములు, ఓ ఇంటికి రెండు పూటల వంటకు సరిపోతాయి. ఇరవై గళ్లు దాటినా ఇంకా 21 కిలోలే, 25 కిలోల బస్తా కూడా నిండదు. రాజుగారు నవ్వారంటే నవ్వరూ మరి! సగం బల్ల, 32 గళ్లు, నిండేసరికి 429,49,67,295 గింజలు. దాదాపు 86 టన్నులు, అంటే తొమ్మిది లారీల సరుకు. అదీ రాజుకు లెక్కలోది కాదు. 48 గళ్లకు 56 లక్షల టన్నులు. మొత్తం 64కు సుమారు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిసి ఇప్పుడు ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నుల పైచిలుకు. ఆ లెక్కన ఏడు వందల ఏళ్ల పంట.

ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడే ఆగిపోతారు. అబ్బో ఎంత పెద్ద సంఖ్యో అని ఆశ్చర్యపోయి ఊరుకుంటారు. పెద్దదనం ఏమంత విశేషం కాదు, దీనికంటే పెద్ద సంఖ్య కావాలంటే చివర ఒక సున్నా పెడితే చాలు. ఈ సంఖ్య గొప్పదనం పరిమాణంలో లేదు, మడతల్లో ఉంది.

బల్లను మధ్యకు మడిచామనుకుందాం. మొదటి సగంలో 32 గళ్లు, రెండో సగంలో 32. మొదటి గడి మీదికి 33వ గడి, రెండో గడి మీదికి 34వ గడి వచ్చేట్టు పేర్చాలి. 33వ గడిలో ఉన్నవి మొదటి గడిలో ఉన్నవాటికి 2³² రెట్లు. 34వది రెండోదానికి అన్ని రెట్లే. అంటే రెండో సగం మొత్తం మొదటి సగానికి 2³² రెట్లు. రెండూ కలిపితే మొదటి సగానికి (2³² + 1) రెట్లు. ఇదొక గుణకారం! 64 గళ్ల మొత్తం అంటే 32 గళ్ల మొత్తాన్ని 4294967297తో గుణించడం.

ఆ 32 గళ్లనూ అలాగే మడవండి. 16 గళ్ల మొత్తాన్ని 65537తో గుణించడం. మళ్లీ మడిస్తే ఎనిమిది గళ్ల మొత్తం, గుణకం 257. మళ్లీ మడిస్తే నాలుగు గళ్లు, గుణకం 17. మళ్లీ మడిస్తే రెండు గళ్లు, గుణకం 5. ఆఖరి మడతకు ఒక్క గడి, గుణకం 3. ఆ ఒక్క గడిలో ఉన్నది ఒక్క గింజ. 64ను ఆరుసార్లు సగం చేయవచ్చు కాబట్టి మడతలు ఆరు, గుణకాలు ఆరు:

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

వెనక్కి నడిచి చూస్తే 3, దాన్ని 5తో గుణిస్తే 15, దాన్ని 17తో గుణిస్తే 255, దాన్ని 257తో గుణిస్తే 65535. పైన చెంచాడు, కిలో మూడు వందలు అని తూచినవే ఈ సంఖ్యలు.

ఇప్పుడు సముద్రం సంగతి తేల్చేయవచ్చు. సంఖ్య 17తో నిశ్శేషంగా పోవాలి, ఎందుకంటే 17 ఒక మడత. పద్యంలో ఏదో ఒక సముద్రాన్ని 4కు బదులు 7 అని చదివితే సంఖ్య 3 పక్కన కొన్ని సున్నాలంత పెరుగుతుంది. అలాంటి సంఖ్యలో 2, 3, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకం ఉండదు. 17 అందులో దూరదు. కాబట్టి మార్చిన సంఖ్య 17తో పోదు. రెండు సముద్రాలనూ 7 చేస్తే? అప్పుడు పెరిగేది 3 × 10001 పక్కన పన్నెండు సున్నాలు. 10001 అంటే 73 × 137. అక్కడా 17కు చోటు లేదు. సముద్రాలు రెండూ నాలుగే. అంకెలు కూడి 3తో పరీక్షించే బడి పద్ధతి ఇక్కడ పనికిరాదన్నది గమనించాలి. 4కు బదులు 7 పడితే తేడా 3 కాబట్టి ఆ పరీక్షకు తప్పు కనబడనే కనబడదు. అసలు సంఖ్యలో అంకెల మొత్తం 87, తప్పు సంఖ్యలో 90 లేదా 93. మూడూ 3తో పోతాయి.

ఇక ఆరు గుణకాలలో 3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలు. ఇంకే సంఖ్యతోనూ విడగొట్టలేనివి. మరి ఆరోది, 4294967297? ఇక్కడే 17వ శతాబ్దపు మహా గణితవేత్త ఒకాయన బోల్తా పడ్డాడు.

ఫ్రాన్స్‌కు చెందిన పియర్ ద ఫెర్మా 1640లో ఉత్తరాల్లో ఈ గుణకాల వరసనే ప్రస్తావించాడు. 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే కాబట్టి ఈ పద్ధతిలో ముందుకు పోతే వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అవుతాయన్నది ఆయన నమ్మకం. రుజువు మాత్రం చేతికి రాలేదు. దాదాపు తొంభై ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1729 డిసెంబరులో గోల్డ్‌బాక్ ఒక ఉత్తరంలో ఈ మాట సాటి గణితవేత్త ఆయిలర్ చెవిన వేశాడు. 1732లో ఆయిలర్ చెప్పిన జవాబు: 4294967297 ప్రధాన సంఖ్య కాదు. అది 641 × 6700417.

పది అంకెల సంఖ్యకు 641 లాంటి చిన్న కారణాంకం ఉంటే ఫెర్మా ఎందుకు పట్టుకోలేకపోయాడు? వరసగా ప్రధాన సంఖ్యలతో భాగిస్తూ పోయినా 641 దాకా ఉన్నవి 116. ఒక వారం కూర్చుంటే అయిపోయే పని. ఆయిలర్ అంత కష్టం కూడా పడనక్కర్లేదని తర్వాత చూపించాడు. 4294967297ను ఏ ప్రధాన సంఖ్య భాగించినా, ఆ ప్రధాన సంఖ్యను 64తో భాగిస్తే శేషం 1 రావాలి. మళ్లీ ఆ 64! కారణం ఇది. 2, 4, 8, 16 అంటూ రెట్టిస్తూ పోయే సంఖ్యలను ఏదైనా బేసి ప్రధాన సంఖ్యతో భాగిస్తే శేషాలు గుండ్రంగా తిరుగుతాయి. మన ప్రధాన సంఖ్య 2³² + 1ను భాగిస్తోంది కాబట్టి 32వ అడుగులో శేషం ‘−1’, 64వ అడుగులో సరిగ్గా 1. అంటే ఒక చుట్టు 64 అడుగులు. మరోపక్క, ప్రధాన సంఖ్య కంటే ఒకటి తక్కువ అడుగులు వేసినా శేషం 1కే వస్తుందని ఒక సిద్ధాంతం ఉంది. కాబట్టి ఆ ఒకటి తక్కువ సంఖ్య 64కు గుణిజం అయి తీరాలి. ఆ సిద్ధాంతం ఎవరిదో తెలుసా? ఫెర్మాదే. అదీ 1640 నాటిదే. సొంత ఇంట్లో ఉన్న కత్తి తీసి వాడుకోలేదు పాపం.

64తో భాగిస్తే 1 మిగిలే సంఖ్యలు: 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. వీటిలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. అయిదో భాగహారానికే దొరికిపోతుంది.

641 భాగిస్తుందని భాగహారం కూడా చేయకుండా చూపించే దారి ఒకటుంది, చూసి తీరాల్సినంత ముద్దుగా ఉంటుంది. 640 అంటే 5 × 128, అంటే 5 × 2⁷. కాబట్టి 5 × 2⁷ను 641తో భాగిస్తే ఒకటి తక్కువ పడుతుంది, శేషం −1 అనుకోవచ్చు. దాన్ని నాలుగో ఘాతానికి పెంచితే −1 కాస్తా 1 అవుతుంది: 5⁴ × 2²⁸కు శేషం 1. ఇంకో వైపు నుంచి చూస్తే 641 అంటే 625 + 16, అంటే 5⁴ + 2⁴. కాబట్టి 641 దృష్టిలో 5⁴, −2⁴ రెండూ ఒకటే. పైదానిలో 5⁴ తీసేసి −2⁴ పెడితే −2³²కు శేషం 1. అంటే 2³² + 1కు శేషం 0. అయిపోయింది. పది అంకెల సంఖ్యను అసలు ముట్టుకోనే లేదు.

6700417 ఇక విడిపోదు, అది ప్రధాన సంఖ్యే. కాబట్టి చదరంగం బల్ల గింజల పూర్తి చిట్టా ఇది: 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఏడు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండోసారి రాదు. ఒక్కోదాన్నీ తీసుకోవడమో వదిలేయడమో చేస్తే 2⁷, అంటే 128 భాజకాలు. అంటే ఈ గింజలను మిగులు లేకుండా సమానంగా పంచగల పద్ధతులు 128. ఫెర్మా చెప్పిందే నిజమై ఉంటే ప్రధాన కారణాంకాలు ఆరే ఉండేవి, భాజకాలు సరిగ్గా 64 అయ్యేవి. గళ్లెన్నో భాజకాలు అన్ని! అంత చక్కటి పొంతనను 641 వచ్చి చెడగొట్టింది.

రెట్టింపుల మీద రెట్టింపులు చేసి కట్టిన ఈ సంఖ్యను ఇద్దరికి మాత్రం సమానంగా పంచలేం. మొదటి గడిలోని ఒంటరి గింజ వల్ల మొత్తం బేసి సంఖ్య అయి కూర్చుంది. ఏడుగురికి పంచినా ఒక గింజ మిగిలిపోతుంది.

సగం బల్ల సంఖ్య 4294967295కు ఇంకో రంగంలో పేరుంది. దాని కారణాంకాలు 3, 5, 17, 257, 65537. రూళ్లకర్ర, వృత్తలేఖిని మాత్రమే వాడి సమబాహు త్రిభుజం, పంచభుజి గీయడం గ్రీకులకు తెలుసు. 17 భుజాల సమబహుభుజి కూడా గీయవచ్చని 1796లో జర్మన్ గణితవేత్త గాస్ కనిపెట్టాడు. అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్లు నిండలేదు. ఇలా గీయగల బేసి భుజాల బహుభుజుల్లో ఇప్పటిదాకా తెలిసినవి 31. అవి ఏవంటే, సగం బల్ల సంఖ్యకు 1 కాకుండా ఉన్న భాజకాలే. వాటిలో అతి పెద్దది 4294967295 భుజాలది. గీయడం సాధ్యమే అని గణితం హామీ ఇస్తుంది, గీసేవాడి ఓపిక మాట గణితానికి పట్టదు. జాబితా 31 దగ్గరే ఆగడానికి కారణం, 65537 తర్వాత ఈ వరసలో ఇంకో ప్రధాన సంఖ్య ఇప్పటికీ దొరకకపోవడమే. ఫెర్మా అన్నీ ప్రధాన సంఖ్యలే అన్నాడు. ఆయన పరీక్షించిన అయిదింటి తర్వాత తేలిన ప్రతిదీ సంయుక్త సంఖ్యగానే తేలింది.

65537కు మన రోజువారీ జీవితంలోనూ ఉద్యోగం ఉంది. ఇంటర్నెట్‌లో రహస్యంగా సమాచారం పంపే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో బహిరంగ తాళంచెవిలో భాగంగా ఎక్కువగా వాడేది ఈ సంఖ్యనే. కంప్యూటర్ భాషలో దాన్ని రాస్తే రెండు ఒకట్లు, మధ్యలో పదిహేను సున్నాలు. గుణకారాలు తక్కువ పడతాయి, పని తొందరగా అవుతుంది.

ఇక పొరుగువాళ్ల సంగతి. గింజలు పోసేవాడు 64 దాకా పోకుండా 61వ గడి దగ్గర ఆపేశాడనుకుందాం. మొత్తం 2305843009213693951. ఇది ప్రధాన సంఖ్య! 1883లో ఇవాన్ పెర్వూషిన్ అనే రష్యన్ మతగురువు తేల్చాడు. ఇన్ని గింజల్నీ ఒక్కరికే ఇవ్వాలి, లేదా గింజకొకరు చొప్పున పంచాలి, మధ్యేమార్గం లేదు. ఇంకో మూడు గళ్లు నింపితే 128 రకాలుగా పంచుకోవచ్చు. బల్ల మీద ఎక్కడ ఆపితే మొత్తం ప్రధాన సంఖ్య అవుతుందో చూస్తే, 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61. తొమ్మిది చోట్లే. ఆపిన గడి నంబరు సంయుక్త సంఖ్య అయితే బల్లను ఎలాగోలా సమాన ముక్కలుగా మడవవచ్చు, మడత పడితే గుణకారం, ఇక ప్రధాన సంఖ్య అయ్యే ప్రశ్నే లేదు. అలాగని గడి నంబరు ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన చాలదు. 11వ గడి దగ్గర ఆపితే 2047, అది 23 × 89.

అవతలి పొరుగు 18446744073709551617 ఫెర్మా వరసలో తర్వాతి సంఖ్య. అదీ విరిగింది: 274177 × 67280421310721. 1880లో దీన్ని ప్రకటించిన ఫోర్తునే లాండ్రీకి అప్పటికి ఎనభై రెండేళ్లు.

చదరంగం గింజల సంఖ్యకే ఇంకో కథ కట్టినవాడు ఫ్రెంచి గణితవేత్త ఎదువా లూకాస్. కాశీలో బ్రహ్మ గుడి ఉందని, అక్కడ మూడు కడ్డీల మీద 64 బంగారు పళ్లేలను పూజారులు ఒకదాని నుంచి ఇంకోదానికి మారుస్తున్నారని, పని పూర్తయిన రోజున లోకం అంతమవుతుందని ఆయన 1883లో ఒక ఆటబొమ్మతో పాటు ప్రచారంలో పెట్టాడు. పెద్ద పళ్లేన్ని చిన్నదాని మీద పెట్టకూడదన్న నియమంతో మార్చడానికి తక్కువలో తక్కువ 18446744073709551615 కదలికలు కావాలి. సెకనుకు ఒకటి చొప్పున అయినా 58,000 కోట్ల ఏళ్లకు పైనే. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు, దానికి 42 రెట్లు. కాశీలో అలాంటి గుడి లేదు కానీ లూకాస్ మాత్రం ఈ సంఖ్యకు సొంత మనిషే. 641ను పట్టుకోవడానికి ఆయిలర్ పెట్టిన 64 నియమాన్ని 128కి బిగించవచ్చని 1878లో చూపించింది ఆయనే. అప్పుడు వెతకాల్సినవి 257, 641 రెండే, రెండో ప్రయత్నానికే దొరుకుతుంది.

ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు లెక్కలు చేసేది 64 బిట్ల గూళ్లలో. గూడు అంటే చదరంగం బల్లే అనుకోవచ్చు, ఒక్కో గడి ఒక్కో స్విచ్. ఋణసంఖ్యల గొడవ లేకుండా ఆ గూట్లో పట్టే అతి పెద్ద సంఖ్య అన్ని స్విచ్‌లూ ఆన్‌లో ఉన్నప్పటిది, అంటే 18446744073709551615. దానికి ఇంకో గింజ కలిపితే 65వ గడి లేదు కాబట్టి 64 స్విచ్‌లూ ఆరిపోయి సున్నా అవుతుంది. అప్పు తెచ్చిన గింజ ఈసారి గాదెనే ఖాళీ చేసింది.

చాలా ఆఫీసుల్లో కనిపించే ఎక్సెల్ షీట్‌కు ఆ పాటి శక్తి కూడా లేదు. అది 15 అంకెల వరకే నమ్మకంగా దాచుకుంటుంది. ఒక గడిలో ఈ సంఖ్యను కొట్టి ఎంటర్ నొక్కి, అంకెలన్నీ కనబడేట్టు పెట్టి చూస్తే 18446744073709500000 అని ఉంటుంది. మెసేజీ లేదు, హెచ్చరిక లేదు, చివరి అయిదు అంకెలూ మాయం. పోయిన 51615 ఎటు నుంచి చదివినా ఒకటే. పద్యంలో అవి మొట్టమొదట వచ్చే అయిదు మాటలు: శర, శశి, షట్క, చంద్ర, శర.